అండీ లేకుండా

టీచర్ల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక ఫొటో వచ్చింది. చుట్టూ పూలదండ, కింద రెండు దీపాలు, మధ్యలో ఆవిడ. దండా దీపాలూ ఫోన్లో అతికించినవి. ఫొటో మాత్రం మా బడి ఆవరణలో తీసింది. ఆ రోజు ఆవిడ కుడిచెయ్యి ముందుకు చాచి, ఎదటి మనిషికీ మనకీ ఎంత దూరం ఉండాలో పిల్లలకి చూపిస్తున్నారు. అతికించినవాళ్ళు ఆ చేతిని భుజం దగ్గరే కోసేశారు. ఫొటో కింద అందరూ దణ్ణం పెట్టే బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. ఫోన్ బల్ల మీద బోర్లించి కూర్చున్నాను.

తాడేపల్లిగూడెంలో, జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయారట. యాభై దాటాయో లేదో.

నేను తెలుగు టీచర్ని. ఏలూరులో ఉంటూ, కొల్లేరు అంచున ఒక ఊరి హైస్కూలుకి చాలా ఏళ్ళు బస్సులో వెళ్ళొచ్చాను. ఎనిమిదేళ్ళ కిందట, ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు, వారానికి రెండు రోజుల చొప్పున మూడు నెలలు నేర్పడానికి వచ్చినావిడ ఆవిడ. పేరు రాయను. ఆవిడ గురించి రాస్తే ఒక పిల్ల గురించి కూడా రాయాలి. ఆ పిల్ల పేరు రాసే హక్కు నాకు లేదు. ఒకరి పేరు దాచి ఇంకొకరి పేరు చెప్పడం నాకు బాగోలేదు.

కరాటే టీచర్ వస్తారంటే మేమంతా తెల్ల డ్రెస్సూ నల్ల బెల్టూ ఊహించుకున్నాం. వచ్చినావిడ వెలిసిపోయిన చుడీదార్లో, చున్నీ నడుముకి ముడేసుకుని, భుజాన గుడ్డసంచితో వచ్చారు. గూడెం బజార్లో వాళ్ళకి స్టీలు సామాన్ల కొట్టుంది. సంచి మీద ఆ కొట్టు పేరే ఉండేది. పొద్దున్నే పాసింజర్లో ఏలూరు దిగి, నాతోపాటే బస్సెక్కేవారు. ఎప్పుడూ చివరి సీటే. "వెనకాల ఎవరూ లేకపోతే నిద్ర పడుతుందండీ నాకు" అనేవారు. ఆవిడ బస్సులో నిద్రపోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "మా అన్నయ్య నేర్చుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూశానండీ" అనేవారు. అంతకుమించి చెప్పేవారు కాదు.

అంత మెత్తగా మాట్లాడే మనిషిని నేను తక్కువ చూశాను. మా వైపు అండీ లేకుండా వాక్యం పూర్తవదు. ఆవిడకి మొదలయ్యేది కూడా కాదు. బడి వరండాలో అడ్డంగా పడుకున్న కుక్కతో, "ఏవండీ, కాస్త అటు జరుగుతారా?" అనడం నేను స్వయంగా విన్నాను. కుక్క జరిగింది. ఒకసారి రైల్లో పక్కనాయన నిద్ర నటిస్తూ భుజం మీదికి వాలిపోతుంటే, "తమరు కాస్త నిటారుగా కూర్చోండి" అన్నారట, అంతే మెత్తగా, కళ్ళలోకి చూస్తూ. ఆయన లేచి భీమడోలు దాకా నిలబడే ఉన్నాడట.

మొదటి రోజు పిల్లలంతా తన్నడం నేర్పుతారని ఎగబడ్డారు. చేపల చెరువుల గట్ల వెంట సైకిళ్ళ మీదా, ఆటోల్లోనూ వచ్చే పిల్లలు. ఎనిమిదీ తొమ్మిదీ పదీ కలిపి నలభైమంది ఉంటారు. ఆవిడ వాళ్ళని వరసగా నిలబెట్టి అన్నారు: "గొంతు ముందు. చెయ్యి తర్వాత. ఒకడు మీ చెయ్యి పట్టుకున్నాడు. వద్దు అనండి."

మొదటి వరసలో పిల్ల బలమంతా కూడగట్టుకుని అరిచింది. "వద్దండీ!"

నలభైమందీ నవ్వేశారు. వరండాలో ఉన్న మేమూ నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

"మళ్ళీ. అండీ లేకుండా."

"వద్దు..." అని ఆగి, ఊపిరి పీల్చుకుని, "అండీ" అంది ఆ పిల్ల. తనే నాలిక కరుచుకుంది.

ఆ వారమంతా అదే పాఠం. ఒక్కొక్కరినీ ముందుకి పిలిచి అండీ తీయించారు. కొందరికి రెండు రోజులు పట్టింది. ఒకమ్మాయి చేతులు కట్టుకుని అడిగింది: "మరి మీరు అందరినీ అండీ అంటారు కదక్కా?" తనని మేడం అనొద్దని మొదటిరోజే చెప్పారు. మేడం అంటే పిల్లలు వింటారట, అక్కా అంటే చెబుతారట.

"నాకు నలభై దాటాయమ్మా" అన్నారు ఆవిడ. "నేను అండీ అంటే అవతలివాడికి భయం. మీరు అండీ అంటే వాడికి ధైర్యం."

హెడ్మాస్టరు గారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏవండీ మేడం గారూ, రేపు ఇళ్ళలో కూడా ఇలాగే అరిస్తే పెద్దవాళ్ళు నా మీదికొస్తారండీ" అన్నారు. "వస్తే నా దగ్గరికి పంపించండి" అన్నారు ఆవిడ. "నేను మర్యాదగానే మాట్లాడతాను."

నాకు అది నచ్చలేదు. ఆ ఏడు ఎనిమిదో తరగతికి గౌరవవాచకాలు చెబుతున్నాను. వాడు, అతను, ఆయన, వారు. ఒక్కో మెట్టూ ఎందుకుందో బోర్డు మీద రాసి చెప్పడం నాకు ఇష్టమైన పాఠం. నేను గంట సేపు కట్టినదాన్ని ఆవిడ పక్క గంటలో ఊడబీకుతున్నారు. బస్సులో అనేశాను: "పిల్లల భాష పాడైపోతుందండీ."

"పాడవనివ్వండి మేడం గారూ" అన్నారు నవ్వుతూ. "వారానికి రెండు గంటలే కదండీ. మిగతాదంతా మీదే."

తర్వాత చేతులకి వచ్చారు. మణికట్టు పట్టుకుంటే పట్టుకున్నవాడి బొటనవేలి వైపుకి తిప్పి లాగాలి, అక్కడే పట్టు బలహీనం. మోచెయ్యి ఎక్కడ తగలాలి, తగిలాక ఎటు పరిగెత్తాలి. పరిగెత్తడం సిగ్గుపడాల్సిన పని కాదని పదేపదే చెప్పేవారు. అయినా, ఇవన్నీ సగమేనని ఆవిడ నమ్మకం. మూడో వారం పిల్లలందరికీ చీటీలిచ్చారు. "మీకేదైనా జరిగితే ఎవరికి చెబుతారు? ముగ్గురి పేర్లు రాయండి. రాసినవాళ్ళకి చెప్పగలరో లేదో కూడా ఆలోచించుకుని రాయండి."

సాయంత్రం బస్సులో ఆవిడ ఆ చీటీలు చూసుకుంటూ వెనక సీటులోంచి నన్ను పిలిచారు. "పదకొండు చీటీల్లో మీ పేరుందండీ."

ఆ సంతోషం ఇంటికి వెళ్ళేదాకా నాతో ఉంది. ఇంట్లో కూడా చెప్పుకున్నాను.

మరుసటి వారం, ఇంటర్వెల్లో నేను స్టాఫ్ రూములో నోటుపుస్తకాలు దిద్దుకుంటున్నాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకర్తి వచ్చి బల్ల పక్కన నిలబడింది. నెమ్మదైన పిల్ల, అక్షరం గుండ్రంగా రాస్తుంది.

"మేడం గారండీ."

"ఊఁ."

"ఆటో బాబాయి ఉన్నాడు కదండీ, వాడు..."

నేను తల ఎత్తలేదు. "వాడు ఏంటమ్మా? నీకన్నా ముప్పై ఏళ్ళు పెద్ద. ఆయన అనాలి."

ఆ పిల్ల నిలబడింది. నేను ఇంకో పేజీ తిప్పాను. "ఆయన..." అంది. తర్వాత, "ఏం లేదండీ" అని వెళ్ళిపోయింది.

ఇంతే జరిగింది. అర నిమిషం కూడా ఉండదు. దిద్దగానే దిద్దుకుందనీ, మంచి పిల్ల అనీ అనుకున్నాను.

ఐదు వారాల తర్వాత ఆవిడ క్లాసులో ఇంకో అభ్యాసం పెట్టారు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టినవాడి గురించి అమ్మకి చెబుతున్నట్టు చెప్పండి, వాడు అనే చెప్పండి అన్నారు. పిల్లలకి పండగే. సైకిల్లో గాలి తీసిన మేనబావ, జడ లాగిన పక్కింటివాడు, వాడిలా వాడలా అని ఒకటే గోల. ఈ పిల్ల వంతు వచ్చింది. "ఆయన" అని ఆగిపోయింది.

"వాడు అనమ్మా."

"అనకూడదండీ."

"ఎవరన్నారు?"

పిల్ల స్టాఫ్ రూము వైపు చూసింది. ఆవిడ ఇంకేమీ అడగలేదు. మిగతావాళ్ళని పరుగు తీయమని పంపి, పిల్లని తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకు పక్క మెట్ల మీద కూర్చున్నారు. చివరి గంట కొట్టేదాకా అక్కడే ఉన్నారు. ఆ ఆటోలో అందరికన్నా చివర దిగేది ఆ పిల్లే. చివరి రెండు కిలోమీటర్లూ చెరువుల గట్టు, ఇళ్ళుండవు. అంతకంటే రాయను. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా నా చెయ్యి అలవాటుగా "ఆయన" అని రాయబోయింది.

ఆ సాయంత్రమే ఆవిడ ఆ పిల్ల ఇంటికి వెళ్ళారు. తల్లినీ తండ్రినీ కూర్చోబెట్టి చెప్పారు, వాళ్ళతోపాటు పోలీస్ స్టేషన్‌కీ వెళ్ళారు. ఆ తర్వాతి క్లాసు రోజు బస్సులో చివరి సీటుకి వెళ్ళకుండా, వచ్చి నా పక్కన కూర్చున్నారు. అలా కూర్చోవడం అదే మొదలు.

జరిగింది చెప్పారు. చెప్పాక సంచిలోంచి ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టారు. గుండ్రటి అక్షరాలు. ముగ్గురి పేర్లు రాయమంటే ఒక్కటే రాసింది. తెలుగు మేడం గారు.

"ఆ రోజు మీరేం దిద్దుతున్నారండీ?" అని అడిగారు.

"నోటుపుస్తకాలండీ."

ఆవిడ తలూపారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది.

తర్వాత అన్నారు: "ఇంట్లో అందరూ దాన్నే అడుగుతున్నారండీ, ముందే ఎందుకు చెప్పలేదని. స్టేషన్లోనూ అదే ప్రశ్న. వాళ్ళమ్మయితే అన్నం పెడుతూ కూడా అడుగుతోంది. నోరు లేదా నీకు, ఇన్నాళ్ళు ఎలా ఊరుకున్నావు అని. అది తల దించుకుని, ఎందుకో చెప్పలేదండీ అంటోంది. మీ పేరు ఎత్తలేదు. నాకొక్కదానికే చెప్పింది."

నేను చీటీని నాలుగు మడతలు పెట్టాను.

"మీరొక్కసారి వాళ్ళింటికి రండి మేడం గారూ. వాళ్ళమ్మ ముందు చెప్పండి. అది చెప్పింది, నేను వినలేదు అని. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల తల ఎత్తుకుంటుందండీ."

"ఆయ్, వస్తానండీ" అన్నాను. "రేపే వస్తాను."

బడికి వెళ్ళాక హెడ్మాస్టరు గారు తలుపు దగ్గరగా వేసి, "మీరెళ్తే బడి పేరు రాస్తారండీ కాగితాల్లో, కాస్త నిదానించండి" అన్నారు. నిదానించాను. ఆ వారం మా అత్తగారికి బాగోలేదు. పైవారం పరీక్ష పేపర్లు. ఆపైన వానలు, గట్టంతా బురద. అన్నీ నిజాలే. అబద్ధం ఒక్కటి ఆడినా నన్ను నేను పట్టుకునేదాన్నేమో.

మిగిలిన నెల రోజులూ ఆవిడ వారం వారం అడిగారు. "ఈ వారం కుదురుతుందాండీ?" ఎత్తిపొడుపు ఉంటే కోపం తెచ్చుకుని తప్పించుకునేదాన్ని. ఉండేది కాదు. బస్సు టైము అడిగినట్టు అడిగేవారు. నేను కారణం చెబితే, "అలాగేనండీ" అని వెనక సీటుకి వెళ్ళిపోయేవారు. నా వెనకాల ఆవిడ మెలకువగా ఉన్నారని తెలుస్తూ ఉండేది. ఇప్పటికీ బస్సులో వెనక సీట్లు ఖాళీగా ఉంటే నేను కూర్చోలేను.

ఆ నెల్లాళ్ళూ బడికి వచ్చినప్పుడల్లా క్లాసయ్యాక ఆవిడ ఆ పిల్లని ఇంటిదాకా నడిపించారు. వెనక్కి వచ్చేసరికి ఆవిడ రైలు తప్పిపోయేది. బస్సు కిటికీలోంచి ఒకసారి చూశాను. రెండు వైపులా చెరువులు, నీళ్ళు చిలికే యంత్రాలు తిరుగుతున్నాయి, తెల్లకొంగలు గట్టు మీద. పిల్ల ముందు నడుస్తోంది. ఆవిడ పదడుగులు వెనక.

"పక్కన నడవరేమండీ?" అని అడిగాను తర్వాత.

"పక్కన నేనుంటే ఆ దారి నాదవుతుందండీ. తను ముందు నడిస్తే తనది."

చివరి రోజు సర్టిఫికెట్లిచ్చారు, ఫొటోలు తీశారు, పిల్లలు ఏడ్చారు. ఆ రోజు ఆ పిల్లని వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడు. ఏలూరు బస్టాండులో దిగాక ఆవిడ స్టేషన్‌కి వెళ్ళే ఆటో ఎక్కకుండా నా ఎదురుగా నిలబడ్డారు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

"వెళ్ళు" అన్నారు. "వెళ్ళి చెప్పు."

రెండు మాటలూ అండీ లేకుండా. గొంతు పెంచలేదు. నా ముఖం మండిపోయింది. నాకన్నా చిన్నావిడ, నలుగురిలో నన్ను పట్టుకుని వెళ్ళు అంటుందా అనుకున్నాను. ఇంటికి చేరేదాకా అదే అనుకున్నాను. ఆవిడ చెప్పమన్నది ఏమిటో ఆ దారంతా నాకు గుర్తు రానే లేదు. నేను పిల్లకి చేసిందే ఆవిడకీ చేశానని తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది.

వేసవిలో ఆ పిల్లని నల్లజర్లలో పిన్ని ఇంటికి పంపేశారని విన్నాను. ఆటోవాడు ఊళ్ళో లేడన్నారు. కేసు ఏమైందో నేను కనుక్కోలేదు. కనుక్కుంటే వెళ్ళాల్సి వస్తుందని.

ఆవిడ మళ్ళీ ఒక్కసారే కనిపించారు, రెండేళ్ళ కిందట, ఏలూరు స్టేషన్ ప్లాట్‌ఫాం మీద. అదే సంచి. జుట్టు సగం నెరిసింది. "బాగున్నారాండీ? మోకాళ్ళ నొప్పులు తగ్గాయాండీ?" అని ఎంతో ఆప్యాయంగా అడిగారు. దెందులూరు బడిలో నేర్పుతున్నానన్నారు. అక్కడి పిల్లలు మా పిల్లలకన్నా తొందరగా అండీ వదిలేశారని నవ్వారు. నేను ఆ ప్రశ్న కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాను. ఈసారి అడిగితే వెళ్దామనే అనుకున్నాను. రైలు వచ్చింది. "ఉంటానండీ" అని ఎక్కేశారు. అడగలేదు. నన్ను అడగడం మానేశారని రైలు కదిలాక అర్థమైంది.

మొన్న ఫొటో చూసిన మర్నాడు తాడేపల్లిగూడెం వెళ్ళాను. వాళ్ళాయన ముందుగదిలో కింద కూర్చుని ఉన్నారు. నేనెవరో చెప్పగానే లేవబోయారు.

"మీ గురించి చెప్పేదండీ మా ఆవిడ."

"ఏమనేవారండీ?"

"మంచి తెలుగు చెబుతారనండీ."

అంతకుమించి ఆవిడ ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. ఎవరెవరు వచ్చి వెళ్ళారో ఆయనే చెప్పుకుపోయారు. నిన్న నల్లజర్ల నుంచి ఒకమ్మాయి వచ్చిందనీ, అమ్మానాన్నలతో అక్కడే ఉంటూ ఇంట్లోనే జాకెట్లు కుడుతుందనీ, చిన్నప్పుడు కొల్లేరు వైపు బడిలో శిష్యురాలనీ, ఏడవకుండా గంట సేపు కూర్చుని వెళ్ళిందనీ. ఇల్లు ఎక్కడో అడిగాను. నల్లజర్ల బస్టాండు వెనక సందులో అన్నారు. గూడెంలోనే నల్లజర్ల బస్సెక్కాను.

ఆ పిల్ల ముందుగదిలో కుట్టుమిషను దగ్గర ఉంది. ఎనిమిదేళ్ళయినా గుర్తుపట్టాను. తనూ పట్టింది. "మేడం గారండీ" అని లేచి స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు.

"నువ్వు చెప్పావు" అన్నాను. "నేనే వినలేదు."

తను చేతిలో జాకెట్టు చూసుకుంది. వేలాడుతున్న దారం పళ్ళతో తెంపింది.

"నాకు తెలుసు కదండీ" అంది. తర్వాత, "అమ్మ లోపలుందండీ" అంది. అని మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది.

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. వంటగది గుమ్మంలో తల్లి గోంగూర ఆకు వలుస్తోంది. ఎవరండీ అంది. అమ్మాయికి తెలుగు చెప్పినదాన్నండీ అన్నాను. కూర్చోండి, మంచినీళ్ళిస్తానంటూ లేవబోతుంటే ఆపాను.

"అప్పుడు బడిలో, ఆటో సంగతి, మీ అమ్మాయి నాకు చెప్పడానికి వచ్చిందండీ. బయటపడడానికి నెల ముందే వచ్చింది. వాడు అన్నదని నేను దాని మాట దిద్దాను. నోరు మూయించింది నేను. అది ఊరుకోలేదు."

చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

తల్లి చేతిలో కాడ అలాగే ఉంది. "వచ్చిందా?" అంది.

"వచ్చిందండీ."

"ముందే?"

"ముందే."

నన్ను ఏమైనా అంటుందని చూశాను. అనలేదు. నన్ను చూడను కూడా లేదు. ఒళ్ళో ఆకులు నేల మీద జారిపోతుంటే లేచి, నా పక్కనుంచి ముందుగదిలోకి వెళ్ళింది. మిషను చప్పుడు ఆగింది.

నేను వంటగది గుమ్మంలోనే నిలబడి విన్నాను. మాటలేమీ వినిపించలేదు. చాలాసేపటిదాకా మిషను మళ్ళీ మొదలవలేదు.